ఇంటిపేరు పట్టుకుని ఎంత వెనక్కి వెళ్ళగలం?

ప్రశ్న: మాది గోపాల్‌పూర్ దగ్గర నోళియాల (జాలర్ల) ఊరు, ఇప్పుడు బరంపురంలో ఉంటున్నాం. మా అబ్బాయి ఫిన్లాండ్‌లో వాసా అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. దానికి దక్షిణాన నేర్పెస్ అని సముద్రతీర ప్రాంతం ఉంది, అక్కడ స్వీడిష్ మాట్లాడేవాళ్ళే ఎక్కువట. వాడితో పనిచేసే ఆ ఊరాయన తన వంశాన్ని 1700ల దాకా పేర్లతో సహా చూపించాడట. నాకేమో మా తాత తండ్రి పేరు కూడా తెలీదు. వాళ్ళకెలా కుదిరింది? మేం ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: వాళ్ళకి కుదిరింది చర్చి వల్ల అండి. ఫిన్లాండ్ 1809 వరకు స్వీడన్ రాజ్యంలోనే ఉండేది. 1686లో వచ్చిన స్వీడన్ చర్చి చట్టం ప్రకారం ప్రతి ఊరి పాదిరీ తన పరిధిలోని పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసి పెట్టాలి. అది కాక ఇంటింటి లెక్క ఒకటి ఉండేది. ఏ ఇంట్లో ఎవరున్నారు, వాళ్ళకి చదవడం వచ్చా, మతపాఠం ఎంత వచ్చు, ఎప్పుడు ఏ ఊరు వెళ్ళిపోయారు అన్నీ ఆ పుస్తకంలో ఎక్కేవి. పనివాళ్ళని కూడా వదల్లేదు. 1713 నుంచి 1721 దాకా రష్యా సైన్యం ఆ తీరాన్ని ఆక్రమించినప్పుడు చాలా చోట్ల పుస్తకాలు పోయాయి, అందుకే అక్కడ చాలా వంశాల వెతుకులాట ఆ కాలానికి వచ్చేసరికి కష్టమవుతుంది.

మీకు బాగా దగ్గరగా అనిపించే సంగతి ఒకటి చెప్తాను. అక్కడ పాతకాలంలో పేరు తండ్రి నుంచి వచ్చేది: ఆండర్స్ కొడుకు ఎరిక్ అయితే ఎరిక్ ఆండర్సన్, ఎరిక్ కొడుకు యోహాన్ అయితే యోహాన్ ఎరిక్సన్. అంటే తరం మారితే ఆ పేరూ మారిపోతుంది. ఇక వంశాన్ని గుర్తుపట్టడం ఎలా? అక్కడ మనలాగే ఇంటిపేరు ఉంది, కాకపోతే అది నిజంగానే ఇంటి పేరు, ఆ కమతం పేరు. ఇల్లరికం వెళ్ళిన అల్లుడు మామగారి కమతం పేరే పెట్టుకునేవాడు, ముగ్గురు అన్నదమ్ములు మూడు కమతాలకి వెళితే ముగ్గురికీ మూడు పేర్లు. కాబట్టి అక్కడ ఒకే పేరున్న ఇద్దరు చుట్టాలు కాకపోవచ్చు, వేరే పేర్లున్న ఇద్దరు సొంత అన్నదమ్ములు కావచ్చు. 1920లో చట్టం వచ్చాకే అందరికీ స్థిరమైన ఇంటిపేరు తప్పనిసరి అయింది.

ఆడవాళ్ళ విషయంలో మాత్రం వాళ్ళ పద్ధతి నాకు చాలా నచ్చింది. ఆండర్స్ కూతురు పెళ్ళయినా ఆండర్స్‌డాటర్‌గానే పుస్తకంలో ఉంటుంది, అందువల్ల ముత్తవ్వ తండ్రి ఎవరో తెలిసిపోతుంది. మన దగ్గర పెళ్ళితో ఇంటిపేరు మారిపోతుంది, రెండు తరాలు గడిస్తే ఆవిడ పుట్టిల్లు ఎవరికీ గుర్తుండదు. మా మామ్మ పుట్టింటివారి ఇంటిపేరు అడగాలని నాకు తోచేసరికి చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే మీకు మొదట చెప్పేది ఆఫీసుల గురించి కాదు. మీ ఇంట్లో, మీ అత్తవారింట్లో 75 దాటిన ఆడవాళ్ళు ఎవరున్నారో చూడండి, ఈ వారంలోనే వెళ్ళి కూర్చోండి, ఫోన్‌లో రికార్డు చేయండి. "మీ అమ్మ ఏ ఊరి ఆడపడుచు? ఆవిడ పెళ్ళికి ఎవరెవరు వచ్చారు? రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళినవాళ్ళు ఎవరు?" ఇలా అడిగితే మాట సాగుతుంది. "మన వంశం గురించి చెప్పు" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు.

రంగం మాట ఊరికే అనలేదు. గోపాల్‌పూర్ నుంచి స్టీమర్ల మీద రంగూన్ వెళ్ళిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, 1941 డిసెంబరులో అక్కడ బాంబులు పడ్డాక కొందరు అడవుల్లో నడిచి తిరిగొచ్చారు, కొందరు రాలేదు. మీ వంశంలో ఒక కొమ్మ హఠాత్తుగా ఆగిపోతే ముందు అటువైపు చూడండి. నేర్పెస్ చుట్టుపక్కల నుంచీ వేలమంది అమెరికా పోయారు, కానీ వాళ్ళ పాదిరీ ఆ సంగతి పుస్తకంలో రాసుకున్నాడు.

కాగితాల విషయానికొస్తే, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మీ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి పాత జిల్లా రికార్డులు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి, తర్వాతివి భువనేశ్వర్‌లో. భూమి ఉంటే ఒడిశా పట్టాలో తండ్రి పేరు, కులం, ఊరు ఉంటాయి, ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల సైటు భూలేఖ్‌లో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. తాత చదివిన స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్ కూడా వదలొద్దు. అయితే ఒక జాగ్రత్త. ఒడియా లిపిలో ఎ, ఏ లకి ఒకటే గుర్తు, ఒ, ఓ లకీ అంతే. పైగా ముందుండే ఇంటిపేరు వెనక్కి పోతుంది, లేదా అసలు ఉండదు. అందుకని ఒకే పేరుని నాలుగు రకాలుగా రాసుకుని వెతకండి. పెద్దవాళ్ళు గయకో పూరీకో వెళ్ళి పండాగారి (తీర్థపురోహితుడి) దగ్గర పేర్లు రాయించి ఉంటే అదీ మంచి ఆధారమే.

అసలు ఊరే మాయమైతే ఎలా అని మీకు సందేహం రావచ్చు. మీ గంజాం తీరంలో పోడంపేట, రామాయపట్నంలో ఇళ్ళు సముద్రంలోకి పోవడం మీకు నేను చెప్పక్కర్లేదు. వాసా తీరంలో దీనికి పూర్తిగా తిరగబడిన వ్యవహారం: నేల ఏడాదికి 8 మిల్లీమీటర్ల చొప్పున పైకి లేస్తోంది, సముద్రం వెనక్కి పోతోంది, పేరులో దీవి అని ఉన్న ఊళ్ళ చుట్టూ ఇప్పుడు పొలాలున్నాయి. వాళ్ళ పాత ఊళ్ళు కనీసం నేలమీద నిలిచున్నాయి. మనవి నిలవవు. కాబట్టి పాత వీధిలో ఎవరింటి పక్కన ఎవరిల్లు, గుడి ఎక్కడ, పడవలు లాగే చోటు ఎక్కడ అన్నది మీ పెద్దవాళ్ళ చేత కాగితం మీద గీయించండి, ప్రతి ఇంటి దగ్గరా ఇంటిపేరు రాయండి.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా తాతగారి భూమి టెక్కలి వైపు ఉండేదంటారు. కాగితాలు ఏ జిల్లాలో అడగాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: 1936లో పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైందమ్మా. మీ పట్టణం ఒడిశాకి వచ్చింది, టెక్కలి వైపు మద్రాసులోనే ఉండి విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. ముందు శ్రీకాకుళంలో అడగండి. అడిగేటప్పుడు సంవత్సరం, ఊరు, తాతగారి తండ్రి పేరు మూడూ చెప్పండి, "మా తాతగారి భూమి" అంటే వెతికేవాళ్ళకి దారి దొరకదు.