న్యూ ఆర్లీన్స్‌లో మైకు లేని కచేరీ

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఉంటున్న మా అబ్బాయి ఈ వేసవిలో మమ్మల్ని న్యూ ఆర్లీన్స్ తీసుకువెళ్లి ప్రిజర్వేషన్ హాల్‌లో జాజ్ కచేరీ వినిపిస్తానంటున్నాడు. అది పాత ఇంట్లోని చిన్న గది అనీ, అందరికీ కూర్చునే చోటు కూడా ఉండదనీ విన్నాను. నాకు కర్ణాటక సంగీతం తప్ప మరొకటి తెలియదు. పైగా మోకాళ్ల నొప్పులు. ఆ గదికి అంత పేరెందుకు? నాబోటివారు వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పకుండా వెళ్లండి. ఊరి పాతబస్తీ అయిన ఫ్రెంచ్ క్వార్టర్‌లోని సెయింట్ పీటర్ వీధిలో ఉన్న ఆ పాత కట్టడంలో 1950లలో లారీ బోరెన్‌స్టైన్ అనే ఆయన చిత్రాల దుకాణం నడిపేవారు. దుకాణం వదిలి కచేరీలకు వెళ్లే తీరిక లేక, ఊళ్లోని పెద్ద వయసు జాజ్ విద్వాంసులను అక్కడికే పిలిపించుకుని వాయింపించుకునేవారు. అప్పటికి జనం రాక్ అండ్ రోల్ వైపు మళ్లారు. జాజ్ పుట్టిన ఊళ్లోనే ఆ సంగీతం చిన్ననాటి నుంచి వాయించినవారికి పని కరువైంది. 1961లో పెన్సిల్వేనియా నుంచి వచ్చిన యువదంపతులు అలెన్, శాండ్రా జాఫీలు ఆ కచేరీల నిర్వహణను చేపట్టి, రాత్రి రాత్రికీ కచేరీ, వాయించినవారికి డబ్బు అనే పద్ధతి పెట్టారు. ఆ హాలు చేసిన అసలు మేలు అదేనని నా అభిప్రాయం: కళను కాపాడాలంటే ముందు కళాకారుడికి పని దొరకాలి. నల్లవారూ తెల్లవారూ ఒకచోట కూర్చోవడమే అరుదైన ఆ రోజుల్లో ఇక్కడ పక్కపక్కనే కూర్చుని విన్నారు.

అక్కడ పేరు పొందినవారిలో పియానో వాయించే స్వీట్ ఎమ్మా బారెట్ ఒకరు. ఆమె కాళ్లకు కట్టుకున్న గంటలు పాటతో పాటు మోగేవి. 1967లో పక్షవాతం వచ్చి ఎడమచేయి పడిపోయినా, కుడిచేత్తోనే వాయిస్తూ వచ్చారు.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది దూరపు సంగీతం కాదు. మన కచేరీలో గాత్రం, వయొలిన్ వంతులవారీగా కల్పనస్వరాలు, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాలు, వేస్తే, ఈ పాత జాజ్‌లో మూడు ఊదే వాద్యాలు కలిసి నడుస్తాయి: ట్రంపెట్ పాట వరుసను పట్టుకుని నడుస్తుండగానే క్లారినెట్ దాని పైన అల్లుతుంది, ట్రాంబోన్ కింది నుంచి జారుతూ బదులిస్తుంది. ముగ్గురి మనోధర్మమూ ఒకే క్షణంలో సాగుతుంది. మైకులు పెట్టని చిన్న గది కాబట్టి ఏ ధ్వని ఏ వాద్యానిదో, అది ఏ మూల నుంచి వస్తున్నదో స్పష్టంగా తెలుస్తుంది. మొదట క్లారినెట్ ఒక్కదాన్నే వెంబడించి వినండి, మిగతావి వాటంతట అవే చెవికి అందుతాయి.

ఇక మీ మోకాళ్ల సంగతి. గదిలో కూర్చునే బల్లలు కొద్దిగానే ఉంటాయి. చాలామంది నేల మీద మెత్తలపై కూర్చుంటారు, లేదా వెనక నిలబడతారు. కచేరీ గంటలోపే ముగుస్తుంది కానీ, మీరు నిలబడే సాహసం చేయకండి. కూర్చునే చోటు ఖాయమయ్యే టిక్కెట్టు కాస్త ఖరీదైనా ముందుగానే తీసుకోమని మీ అబ్బాయితో చెప్పండి. లోపల మద్యం అమ్మరు, పిల్లలనూ రానిస్తారు. వాయిస్తున్నప్పుడు ఫొటోలు తీయనివ్వరు. న్యూ ఆర్లీన్స్ వేసవి ఉక్కలో మన గోదావరి తీరానికి ఏమాత్రం తీసిపోదు. వీలైతే ప్రయాణాన్ని నవంబరుకు మార్చుకోండి.