సమాధానం: జీతం పెంచినా ఐసీయూ నర్సులు ఎందుకు మానేస్తున్నారు?

మీ ఐసీయూలో ఆరు నెలల్లో నలుగురు నర్సులు మానేశారు, జీతం పెంచినా ఆగలేదు అని రాశారు కదా మేడమ్. పదకొండేళ్లు ఐసీయూలో చేసినదాన్ని కాబట్టి చెబుతున్నా, వాళ్లు మానేసింది పని ఎక్కువై కాకపోవచ్చు.

కోలుకోరని అందరికీ తెలిసిన పేషెంట్‌కి రోజూ తెల్లవారుజామున ఏబీజీ (ధమని రక్తంలో ఆక్సిజన్ లాంటి వాయువులు చూసే పరీక్ష) కోసం మణికట్టు దగ్గర సూది గుచ్చాలి. అప్పటికే ఆ చెయ్యి నల్లగా కమిలి ఉంటుంది. ఆర్డర్ ఉంది, తీయాల్సిందే. ‘ఇదంతా ఎవరి కోసం?’ అని అడిగే చోటే ఉండదు. దీనికి పేరు కూడా ఉంది, మోరల్ డిస్ట్రెస్. 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్త్వవేత్త నర్సుల గురించి రాస్తూ వాడిన మాట: ఏది సరైనదో తెలిసీ, సంస్థ అడ్డంకుల వల్ల చేయలేకపోవడం. పేషెంట్ వెళ్లిపోయినా ఆ బాధ కొంత మిగిలి, తర్వాతి కేసులో ఇంకాస్త పేరుకుంటుంది.

దీనికి యోగా క్లాసు మాత్రం పెట్టకండి, ఒళ్లు మండుతుంది! రౌండ్స్‌లో బెడ్ దగ్గరి నర్సుని మాట్లాడనివ్వండి. డాక్టర్ కుటుంబంతో మాట్లాడేటప్పుడు ఆమె పక్కనుండాలి. లేకపోతే రాత్రి వాళ్లు అదే ప్రశ్న అడిగితే నీళ్లు నమలాలి. ఎటూ తేలని కేసుల్లో ‘మూడు రోజులు చూద్దాం, మెరుగు లేకపోతే మళ్లీ కూర్చుందాం’ అని తేదీతో సహా కేస్‌షీట్‌లో రాయించండి. మా దగ్గర టెన్షన్ తగ్గింది దీనితోనే. ఇలాంటి చిక్కు కేసుల్లో ఏది సరైనదో సలహా ఇచ్చే ఎథిక్స్ కమిటీ ఉంటే నర్సు నేరుగా పిలవగలగాలి.

మానేసినవాళ్లకి వేరే ఎవరితోనైనా ఫోన్ చేయించండి. మీరడిగితే ‘ఇంట్లో ఇబ్బంది’ అనే అంటారు.