బ్రేకు మీద కాలు ఆనితే చాలు, బండి తన్నుకుని ఆగుతోంది

ప్రశ్న: మాది పాత పెట్రోలు అంబాసిడరు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. మోకాలి నొప్పితో గట్టిగా తొక్కలేక వేరే బండి వాక్యూమ్ బూస్టరు (ఇంజను వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే డబ్బా), మాస్టర్ సిలిండరు (బ్రేకు ఆయిలును చక్రాలకు నెట్టేది) పెట్టించాను. ఇప్పుడు కాలు ఆనిస్తే చాలు, వెనక కూర్చున్నవాళ్లు ముందు సీటుకు కొట్టుకుంటున్నారు. నెల్లూరు ఆత్మకూరు బస్టాండు రద్దీలో నడపాలంటే భయం. బూస్టరు మార్చాలా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: అది ఆఖరి మాట. ముందు తప్పు బూస్టరు వైపుదా, చక్రాలదా తేల్చుకోండి. ఇంజను ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కితే బూస్టరులో వాక్యూమ్ అయిపోతుంది. బూస్టరు పైపు ఊడదీసి, ఇంజను మానిఫోల్డు (ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టం) వైపు కన్నం బిగుతుగా మూసి, ఖాళీ మైదానంలో మనిషి నడిచే వేగంతో బ్రేకు వేసి చూడండి. పెడల్ రాయిలా ఉంటుంది, రోడ్డెక్కొద్దు.

అప్పుడూ పట్టేస్తుంటే లైనింగుకు (బ్రేకు షూ మీద ఉండి డ్రమ్మును రాసుకునే పొరకు) ఆయిలు తగిలి ఉండాలి, లేదా డ్రమ్ము గుండ్రం తప్పి ఉండాలి. బండి ఏ పక్కకు లాగితే ముందు ఆ పక్క చక్రం విప్పండి. ఆయిలు పీల్చిన లైనింగును పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించే మెకానిక్కులున్నారు, ఒప్పుకోవద్దు. ముందైనా వెనకైనా రెండు పక్కలా కొత్తవి వేయించాలి.

పైపు తీశాక పట్టేయడం పోతే, మీ బండి విషయంలో నా అనుమానం పెడల్ మీదే. బూస్టరు లేని బండికి పెడల్ లివరు సుమారు 6:1 (కాలి బలం ఆరింతలవుతుంది), ఉన్నదానికి 4:1 దగ్గర పెడతారు. పాత పెడల్‌కే బూస్టరు తగిలిస్తే బలం రెండు చోట్ల పెరుగుతుంది. పైగా డ్రమ్ములో షూ, తిరిగే డ్రమ్ముతో పాటు లాక్కుపోయి తనంతట తానే బిగుస్తుంది. టేపుతో కొలవండి: పెడల్ ఇరుసు నుంచి పాదం ఆనే చోటికి 240 మి.మీ., బూస్టరును నెట్టే రాడ్ పిన్నుకు 40 ఉంటే 6:1. పిన్నును 60కి జరిపితే 4:1. లేత్ షాపులో కొత్త కన్నం వేయించండి, వెల్డింగు అతుకులు వద్దు. రాడ్ వంకర పోకూడదు.

దీంతో పెడల్ దిగే లోతు కాస్త తగ్గుతుంది. మాస్టర్ సిలిండరు బోరు (లోపలి వ్యాసం) 3/4 అంగుళం అయితే 7/8 వేయించండి: అదే కాలి బలానికి ప్రెషరు నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది, పెడల్ దిగే లోతు ఇంకాస్త తగ్గుతుంది.

ఇంకొకటి. బూస్టరు లోపల, మాస్టర్ సిలిండరును నెట్టే రాడ్ వెనక, రూపాయి బిళ్ళంత రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఎంత తొక్కామో కాలికి తెలిసేది దానివల్లే. సిలిండరు విప్పినప్పుడు రాడ్‌ను బయటికి లాగితే అది జారి లోపల పడిపోతుంది. ఇక బ్రేకు ఉంటే పూర్తిగా, లేకపోతే అసలు లేదు. రాడ్ తీసి టార్చి వేసి చూడండి. పడిపోయి ఉంటే రబ్బరుకు వాడే సిలికాన్ గ్రీజుతో రాడ్ తలకు అంటించి లోపలికి నెట్టాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. బిగించేముందు రాడ్‌కూ సిలిండరు పిస్టనుకూ మధ్య అర నుంచి ఒక మిల్లీమీటరు సందు ఉందో లేదో చూసుకోండి. సందు లేకపోతే బ్రేకు పూర్తిగా వదలదు, డ్రమ్ములు కాలిపోతాయి.

ప్రశ్న: మా పద్మిని కారు పొద్దున్నే రెండు మూడు బ్రేకులు గట్టిగా పట్టి, తర్వాత మామూలవుతుంది.
– ఒక పాఠకురాలు, కొత్తపట్నం

జవాబు: సముద్రపు గాలికి రాత్రికి రాత్రే డ్రమ్ముల లోపల పల్చగా తుప్పు పడుతుంది. నాలుగు బ్రేకులకు అదే రాలిపోతుంది, రిపేరు అక్కర్లేదు. రాత్రి హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచొద్దు, షూ అంటుకుంటుంది. గేరులో పెట్టి చక్రానికి చెక్క అడ్డం వేయండి.