అమ్మాయి ఫైన్ ఆర్ట్స్ అంటోంది, ఆయన ససేమిరా అంటున్నారు

ప్రశ్న: మాది తెనాలి. మా వారికి ఎరువుల కొట్టు ఉంది. మా అమ్మాయి పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని, విజయవాడలో ఒక కాలేజీ హాస్టల్లో ఉంటూ ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఇంజనీరింగ్ చదవనని, ఫైన్ ఆర్ట్స్ చదువుతానని తేల్చి చెప్పింది. ఇంటర్ మానేసి, పెయింటింగ్ సబ్జెక్టుగా ఉన్న సీబీఎస్ఈ స్కూల్లో చేరతానంటోంది. స్టడీ అవర్లో బొమ్మలు వేస్తోందని వార్డెన్ పుస్తకం తీసేసుకున్నారట. వీక్లీ టెస్టుల్లో మార్కులు తగ్గాయి. 'బొమ్మలు కూడు పెడతాయా?' అని మా వారు ససేమిరా అంటున్నారు. తండ్రీకూతుళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. నాకేమీ పాలుపోవడం లేదు.

సలహా: అమ్మా, మీ ఇంట్లో రెండు వేర్వేరు విషయాలు ఒకే గొడవగా మారిపోయాయి. ఈ రెండేళ్ళు అమ్మాయి ఎక్కడ, ఏం చదవాలన్నది ఒకటి. జీవితమంతా బొమ్మలనే నమ్ముకోవాలా అన్నది మరొకటి. మొదటిది ఇప్పుడే తేల్చుకోవాలి. రెండోదాన్ని ఈ రోజు మీరు గానీ, ఆయన గానీ, పదహారేళ్ళ ఆ పిల్ల గానీ తేల్చవలసిన పని లేదు. ఆమె స్కూలు మార్చమని అడుగుతుంటే, తన జీవితం పాడుచేసుకుంటానంటున్నట్టు తండ్రికి వినిపిస్తోంది. ఆయన కాదన్నప్పుడల్లా, తాను వేసిన బొమ్మలన్నీ వ్యర్థమని చెప్పినట్టు ఆమెకు వినిపిస్తోంది.

సీబీఎస్ఈ గురించి ఆమె చెప్పినది నిజమే. పదకొండు, పన్నెండు తరగతుల్లో పెయింటింగ్‌ను నూరు మార్కుల సబ్జెక్టుగా తీసుకోవచ్చు. అందులో 30 మార్కులు రాత పరీక్షకు, 70 ప్రాక్టికల్స్‌కు ఉంటాయి. రాత పరీక్షంటే ఆషామాషీ కాదు. భీంబేట్కా గుహల బొమ్మలు, అజంతా, గుడుల శిల్పాలతో మొదలుపెట్టి రాజస్థానీ, పహాడీ, మొఘల్, దక్కనీ చిత్రాల మీదుగా బెంగాల్ చిత్రకారుల దాకా మన దేశపు కళా చరిత్రను పిల్లలు క్రమంగా చదువుకుంటారు. అలాంటి చదువు మన ఇంటర్మీడియట్‌లోని ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ గ్రూపుల్లో లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మీ అమ్మాయి పదో తరగతి ఇప్పుడే ముగించి ఉంటే, మంచి డ్రాయింగ్ మాస్టారున్న స్కూలు దొరికిన పక్షంలో తప్పకుండా చేర్చమనే చెప్పేదాన్ని. కానీ ఇంటర్ మొదటి సంవత్సరం సగం గడిచాక బోర్డు మారితే, మళ్ళీ పదకొండో తరగతితో మొదలుపెట్టవలసి వస్తుంది, ఒక ఏడాది పోతుంది. పైగా ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ అయిన బీఎఫ్‌ఏలో చేరడానికి పన్నెండులో పెయింటింగ్ చదివి ఉండాలన్న నిబంధన లేదు.

ఈ మాట అమ్మాయికి వివరంగా చెప్పండి. నాలుగేళ్ళ బీఎఫ్‌ఏ కోర్సులో ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనవారైనా చేరవచ్చు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ శాఖలున్నాయి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలుగు రాష్ట్రాలు దాటి వెళ్ళగలిగితే బరోడా, శాంతినికేతన్ ఉన్నాయి. ఇలాంటి చోట్ల సీటు తెచ్చిపెట్టేది ప్రవేశ పరీక్షలో చేయి చూపించే పనితనం. ఎదుట పెట్టిన వస్తువును చూసి గీయడం, జ్ఞాపకం నుంచి ఒక దృశ్యాన్ని కూర్చడం, రంగుల పొందిక, ఇవన్నీ రోజూ సాధన చేస్తేనే పట్టుబడతాయి. కాబట్టి ఆమెకు ఈ రెండేళ్ళలో కావలసింది సాధనకు సమయం, ఇంటర్ పాసు సర్టిఫికెట్.

అందువల్ల నా సలహా ఇది. ఇంటర్ మాన్పించవద్దు, హాస్టల్ మాన్పించండి. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లతో నడిచే హాస్టల్లో బొమ్మలు వేసే పిల్ల దొంగతనంగా వేయవలసిందే, పట్టుబడవలసిందే. తెనాలిలోనే కాలేజీలున్నాయి గదా, ఈ ఏడాది పరీక్షలు కాగానే ఇంటి నుంచి వెళ్ళి వచ్చేలా రెండో సంవత్సరానికి ట్రాన్స్‌ఫర్ సంగతి ఇప్పటి నుంచే కనుక్కోండి. అప్పటి దాకా, రోజూ ఒక గంట బొమ్మలు వేసుకోవడానికి అనుమతించమని, తీసుకున్న పుస్తకం తిరిగి ఇమ్మని ప్రిన్సిపాల్ గారిని మీరిద్దరూ కలిసి అడగండి. ఎంపీసీని కూడా తేలిగ్గా వదలవద్దు. ఆర్కిటెక్చర్‌లో చేరాలంటే లెక్కలు, ఫిజిక్స్ చదివి ఉండాలి. బొమ్మలు వేసే పిల్లల్లో కొందరికి ఆ చదువు బాగా నచ్చుతుంది. అయితే లెక్కలే ఆమెను కుంగదీస్తుంటే గ్రూపు మార్చడం గురించి ఆలోచించండి. అదేమీ తలవంపులు కాదు.

ఇక మీరు అడగకపోయినా చెప్పవలసినది ఒకటుంది. ఆమెది నిజమైన మక్కువా, లేక ఎంపీసీ నుంచి తప్పించుకునే దారా? దీన్ని కళ్ళతో చూసి తెలుసుకోవచ్చు. ఆ పుస్తకం తెరవండి. ఫోన్లో ఫొటో చూసి దించిన సినిమా తారల ముఖాలు మాత్రమే ఉంటే, అది సరదా. అలాకాక, పక్క మంచం మీద పడుకున్న అమ్మాయి చేయి ఒకే పేజీలో నాలుగైదు సార్లు, ప్రతిసారీ వేళ్ళ మడత కొంచెం సరిదిద్దుతూ కనిపించినా, బకెట్ మీద ఆరేసిన తువ్వాలు ముడతలు నీడలతో సహా కనిపించినా, ఆ పిల్ల చూడడం నేర్చుకుంటోందని అర్థం. కుదరని గీతను మళ్ళీ గీయడానికి విసుగు పడనివారికే ఈ చదువు పనికి వస్తుంది. మీకు తెలియకపోతే తెలిసినవారికి చూపించండి. తెనాలిలో విగ్రహాలు చేసే శిల్పులున్నారు, డ్రాయింగ్ టీచర్లుంటారు. ప్రభుత్వం నిర్వహించే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్షకు కట్టించండి. ఆ సర్టిఫికెట్ కన్నా, దానికోసం ఒక మాస్టారి దగ్గర కూర్చుని తప్పులు దిద్దించుకోవడం వల్ల కలిగే మేలు ఎక్కువ.

చిత్రకారుడు దామెర్ల రామారావు కథ మీ వారికి చెప్పండి. రాజమహేంద్రవరంలో ఆ కుర్రవాడి చేతిలోని ప్రతిభను గుర్తించినవారు అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయిలోని జె.జె. చిత్రకళా పాఠశాలకు వెళ్ళి చదువుకున్నారు, తిరిగి వచ్చి ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టారు. మశూచి సోకి 1925లో, మూడు పదులు నిండకుండానే కన్నుమూశారు. అంత కొద్ది కాలంలో వేసిన బొమ్మలు నేటికీ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. వీలైతే ముగ్గురూ ఒక పూట వెళ్ళి చూసి రండి. తెలిసిన పెద్దవారొకరు పిల్లల పనిని శ్రద్ధగా చూడడం ఎంత అవసరమో ఆయనకు అక్కడ తెలుస్తుంది.

మీ వారి భయాన్ని మాత్రం చులకన చేయకండి. అప్పుసొప్పులు, అరువు ఖాతాలు చూసుకుంటూ కొట్టు నడిపే మనిషి నెలనెలా వచ్చే జీతానికి విలువ ఇవ్వడంలో తప్పు లేదు. బొమ్మలు అమ్ముకుని బతకడానికి చాలా ఏళ్ళు పడుతుంది, అందరికీ సాధ్యపడదు కూడా. ఈ నిజం అమ్మాయికి కూడా తెలియాలి. అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ చదివినవారికి ప్రకటనల సంస్థల్లో, సినిమా కళా విభాగాల్లో, గేమ్స్ తయారీలో పని దొరుకుతుంది. డిగ్రీ ఉన్నవారికి ఆర్ట్ టీచర్ ఉద్యోగాలున్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీ ఉంది, యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఏ గ్రూపువారైనా చేరవచ్చు. ఐఐటీ పేరు వినగానే ఆయన మెత్తబడవచ్చు గానీ, డిజైన్ వేరు, చిత్రకళ వేరు. అమ్మాయికి ఇష్టమైతేనే దాని గురించి ఆలోచించండి, ఆయనను ఒప్పించడానికి ఆశ చూపకండి.

ఒక జాగ్రత్త. ఆమె తిండి, నిద్ర తగ్గాయా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటోందా అన్నది గమనించండి. బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోట వచ్చినా సంక్రాంతి దాకా ఆగకుండా వెంటనే ఇంటికి తెచ్చుకోండి, డాక్టరుకు చూపించండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలిమానస్ సేవ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇన్నాళ్ళూ ఆయన మాట ఆమెకు, ఆమె మాట ఆయనకు మీరే చేరవేస్తున్నట్టున్నారు. అది ఇక మానండి. అమ్మాయి ఈసారి ఇంటికి వచ్చినప్పుడు, కొట్టు మూసి వచ్చిన తర్వాత ఆయనను స్థిమితంగా కూర్చోబెట్టి, బొమ్మలు ఆమె చేతనే ఆయనకు చూపించండి. చదువు సంగతి ఆ రాత్రి ఎత్తవద్దని ఇద్దరికీ ముందే చెప్పండి. ఆయన ఏదైనా అడిగితే ఆమెనే జవాబు చెప్పనివ్వండి. తడబడినా మీరు అందుకోవద్దు.