చిప్ మీద కాదండీ విసుగు, గుమాస్తా పని మీద

"ఇంగ్లండులో గుర్రాలకు మెడలో గుర్తింపు నంబరున్న చిప్, గుర్తింపు పుస్తకంలాంటి పాస్‌పోర్టు తప్పనిసరి కదా, మరి అక్కడి వెటర్నరీ డాక్టర్లు ఆ రికార్డులంటే ఎందుకు విసుక్కుంటారు?" అని అడిగారు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, వాళ్ళు రాసిందేదీ తిరిగి వాళ్ళ వైద్యానికి అక్కరకు రాదు కాబట్టి.

చిప్ వేయడం సులువే. ముందు మెడకు రెండు పక్కలా స్కానర్ నిదానంగా తిప్పి పాత చిప్ లేదని తేల్చుకోవాలి. తర్వాత ఎడమ పక్క, తలకూ మూపుకూ నట్టనడుమ, జూలు మొదలుకు కాస్త దిగువన శుభ్రం చేసి సూదిని చర్మానికి నిటారుగా దించాలి. బియ్యపు గింజంత చిప్ లోపలి లిగమెంటులో, అంటే మెడ వెంబడి సాగే గట్టి నారలాంటి కట్టులో కూర్చోవాలి, చర్మం కిందే వదిలేస్తే జరిగిపోతుంది. తిరకాసు స్కానర్లతో వస్తుంది. ఇప్పటి చిప్‌లు 134.2 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలకు పలికేవి. అమెరికా నుంచి వచ్చిన గుర్రంలో పాత 125 రకం ఉంటే కొన్ని స్కానర్లకు కనబడదు. లేదనుకుని రెండోది వేస్తారు, ఒకే గుర్రానికి రెండు గుర్తింపులు తయారవుతాయి. పైగా చిప్ నంబరూ 15 అంకెలే, పాస్‌పోర్టులోని గుర్రం నంబరూ 15 అక్షరాలే. ఒకదాని గడిలో ఇంకొకటి రాసేవాళ్ళకు కొదవ లేదు.

పాస్‌పోర్టు బొమ్మలో తెల్లమచ్చలు ఎర్ర సిరాతో, సుళ్ళు నల్ల ఇంటూ గుర్తుతో వేస్తారు. మనవాళ్ళు సుడి చూసి గుర్రం అచ్చొస్తుందా లేదా అనేవాళ్ళు. వాళ్ళకు అదే సుడి వేలిముద్ర.

అసలు గొడవ చూడండి. ఆదివారం సాయంత్రం లాయం నుంచి ఫోన్, గుర్రం ముందుకాలు నేల మోపలేకపోతోంది. నొప్పికి చవకైన, బాగా పనిచేసే మందు ఫినైల్‌బ్యూటజోన్, లాయాల భాషలో 'బ్యూట్'. కానీ అది ఒక్క మోతాదు పడినా ఆ గుర్రం మాంసం ఇక ఎన్నటికీ మనుషుల ఆహారానికి పనికిరాదు. అందుకని పాస్‌పోర్టులో 'ఆహారానికి కాదు' అన్న చోట సంతకం ఉందో లేదో డాక్టరు చూసి తీరాలి. పాస్‌పోర్టేమో యజమాని బీరువాలో, యజమాని సెలవులకు ఊళ్ళో లేడు. లాయం చూసుకునే అమ్మాయి ఫోన్లో ముఖపత్రం ఫొటో ఒక్కటే ఉంది. అంటే దాన్ని కోతకు పోయే జంతువుగానే లెక్కేసి ఫ్లూనిక్సినో మెలాక్సికామో లాంటి వేరే నొప్పిమందు ఇచ్చి, ఎన్నాళ్ళ దాకా కోయకూడదో రాసివ్వాలి. గుర్రం మాంసమంటేనే మొహం చిట్లించే దేశంలో ఈ తతంగం!

2013లో బీఫ్ బర్గర్లలో గుర్రం మాంసం బయటపడి యూరప్ అంతా గగ్గోలెత్తింది. గుర్రాల కేంద్ర డేటాబేస్, గుర్తింపు మీద 2018 నిబంధనలు, 2020 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండులో వయసుతో పని లేకుండా దాదాపు అన్ని గుర్రాలకూ చిప్, ఇవన్నీ ఆ తర్వాతివే. మాంసం లెక్క కోసం పెట్టిన కాగితం అది. టీకాల పేజీలు తప్ప జబ్బుల చరిత్రకు అందులో చోటెక్కడ?

ఆ చరిత్ర క్లినిక్ కంప్యూటర్లో ఉంటుంది, అదీ ఎవరికి తోచిన మాటల్లో వాళ్ళు రాసింది. కడుపునొప్పినే ఒకరు 'కోలిక్' అంటారు, ఇంకొకరు 'పొర్లుతోంది' అని వదిలేస్తారు. లెక్కకు అందాలంటే కోడ్‌లు కావాలి. జబ్బులకు ఒకే తీరు పేర్లిచ్చే వీనామ్ కోడ్‌లని ఉన్నాయి గానీ, పన్నెండో గుర్రాన్ని చూసి వచ్చినవాడు జాబితాలో పైన కనబడినదే నొక్కుతాడు. ఒకే టీకా బ్యాచ్ నంబరు పాస్‌పోర్టులో చేత్తో రాయాలి, క్లినిక్‌లో మళ్ళీ టైపు కొట్టాలి. చిప్ స్కాన్ చేయగానే ఆ గుర్రం ఫైలు తెరుచుకుని, టీకా వివరం నేరుగా కేంద్ర డేటాబేస్‌లోకి పోతే సగం సణుగుడు ఆగిపోతుంది. మిగతా సగం భయం. పాత కుంటి చరిత్ర కొనేవాడి కంటా బీమా కంపెనీ కంటా పడితే యజమాని ముందు నిలదీసేది డాక్టర్నే.

2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వలెన్సియా గుర్రాల పోటీల్లో హెర్పిస్ వైరస్ గుర్రాలను చంపాక, అంతర్జాతీయ పోటీల్లో రోజుకు రెండుసార్లు జ్వరం చూసి యాప్‌లో ఎక్కించాలన్నారు. అదీ అదనపు పనే. కానీ ఒంటి వేడి 38.5 డిగ్రీల సెల్సియస్ దాటిన గుర్రం ఏ గదిలో ఉందో ఆ పూటే తెలుస్తుంది, దాన్ని వెంటనే విడిగా కట్టేయవచ్చు. ఆ యాప్ మీద డాక్టర్ల సణుగుడు తక్కువే.