క్యాంపస్ జీతం చిన్నదే, అయినా ట్యాక్స్ ఫైల్ చేయాలి

ప్రశ్న: మాది కరీంనగర్. మా అబ్బాయి 2024 ఆగస్టులో ఎఫ్‌-1 వీసా మీద ఎంఎస్‌కి టెక్సాస్ వెళ్లాడు. 2025లో యూనివర్సిటీ లైబ్రరీలో పార్ట్‌టైమ్ చేసి 4,200 డాలర్లు సంపాదించాడు. అంత తక్కువకి ఫైల్ చేయనక్కర్లేదని ఒక రూమ్మేట్ అంటే, ఫోన్‌లో యాప్‌తో ఫైల్ చేస్తే వెయ్యి డాలర్లు ఎదురొస్తాయని ఇంకొకడు అంటున్నాడట. రేపు హెచ్‌-1బీకి ఇబ్బంది అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టమనండి. రెండో అబ్బాయి సలహా మరీ ప్రమాదం.

ఎఫ్‌-1 విద్యార్థిని అమెరికా పన్ను చట్టం సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలూ నాన్‌రెసిడెంట్‌గానే, అంటే పన్ను లెక్కలో అక్కడి నివాసి కానట్టే, చూస్తుంది. ఆగస్టులో దిగినా ఆ ఏడాది లెక్కలోకి వచ్చేస్తుంది. అంటే మీవాడికి 2024 నుంచి 2028 దాకా. ఈ ఐదేళ్లూ, పైసా సంపాదన లేకపోయినా, ఏటా ఫారం 8843 (విద్యార్థిగా అక్కడున్న రోజులు నివాసపు లెక్కలోకి రావని చెప్పే కాగితం) పంపాలి. 2024లో ఉద్యోగం లేదు కదా అని వదిలేసి ఉంటే ఇప్పుడైనా నింపి పంపమనండి. విడిగా పంపే 8843 ఆన్‌లైన్‌లో కుదరదు, ఆస్టిన్‌లోని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) అడ్రసుకి పోస్టులోనే వెళ్లాలి.

2025లో జీతం ఉంది కాబట్టి 8843తో పాటు 1040-ఎన్ఆర్ (నాన్‌రెసిడెంట్ల పన్ను రిటర్న్) వేయాలి. గడువు 2026 ఏప్రిల్ 15. నాన్‌రెసిడెంట్లకి మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకి ముందు ఆదాయంలోంచి తీసేసే మొత్తం) ఉండదు. భారత్‌-అమెరికా పన్ను ఒప్పందంలోని 21(2) అధికరణం పుణ్యమా అని మన విద్యార్థులకి ఉంది. 2025కి అది 15,750 డాలర్లు, కాబట్టి 4,200 మీద ఫెడరల్ పన్ను సున్నా. జీతంలోంచి పట్టుకున్న ఫెడరల్ పన్ను మొత్తం వెనక్కి వస్తుంది. మొదటి రూమ్మేట్ మాట విని ఊరుకుంటే ఆ డబ్బు ఐఆర్‌ఎస్ దగ్గరే ఉండిపోతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గనుక ఆ పని తప్పింది. మిస్సోరీ లాంటి చోటుకి మారితే స్టేట్ రిటర్న్ సంగతి వేరుగా చూసుకోవాలి.

ఏడాది జీతం, కోతలు చూపిస్తూ యూనివర్సిటీ ఇచ్చే డబ్ల్యూ-2 కాగితం ఒకసారి వీడియో కాల్‌లో చూపించమనండి. 1వ గడిలో జీతం, 2వ గడిలో పట్టుకున్న ఫెడరల్ పన్ను ఉంటాయి. 4, 6 గడులు మాత్రం ఖాళీగా ఉండాలి, ఎందుకంటే అక్కడ చూపే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు మీవాడికి వర్తించవు. అక్కడ అంకెలు కనిపిస్తే వాటి కింద 7.65 శాతం పొరపాటున పట్టుకున్నారన్నమాట. 4,200కి అది 321 డాలర్లు, అంటే మీవాడి నెల కిరాణా ఖర్చు. 1040-ఎన్ఆర్ వేసినంత మాత్రాన ఇది తిరిగి రాదు. ముందు పేరోల్ ఆఫీసుని అడగాలి, వాళ్లు కాదంటే ఫారం 843కి 8316 జతచేసి ఐఆర్‌ఎస్‌కి పంపాలి. రేపు ఓపీటీలో (చదువయ్యాక పనిచేసుకునే అనుమతి) చిన్న కంపెనీలో చేరినా మొదటి పే స్టబ్‌లోనే ఇది చూసుకోవాలి.

ఇక ఆ వెయ్యి డాలర్లు. టర్బోట్యాక్స్ లాంటి మామూలు యాప్‌లు చేసేది రెసిడెంట్లు వేసే 1040. అందులో 1098-టి కాగితంలోని ఫీజు ఎక్కించగానే ఎడ్యుకేషన్ క్రెడిట్ (అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్) అని రిఫండ్ చూపిస్తాయి. ఆ క్రెడిట్ నాన్‌రెసిడెంట్‌కి వర్తించదు. పైగా అది డిగ్రీ మొదటి నాలుగేళ్ల చదువు కోసం పెట్టింది, ఎంఎస్ వాళ్లకి ఎటు చూసినా రాదు. తీసుకున్నవాళ్లు 1040-ఎక్స్ వేసి సవరించుకుని, వడ్డీతో కట్టాల్సి వస్తుంది. మీవాడు స్ప్రింట్యాక్స్ లాంటి నాన్‌రెసిడెంట్ సాఫ్ట్‌వేర్ వాడాలి. చాలా యూనివర్సిటీలు దానికి ఉచిత కోడ్ ఇస్తాయి, ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగితే సరి.

హెచ్‌-1బీ గురించి అడిగారు. క్యాంపస్ జీతాన్ని సరైన ఫారంలో చూపిస్తే దానివల్ల ఏ ఇబ్బందీ రాదు. కానీ ఒక మాట మీరే నెమ్మదిగా అడగండి, కోప్పడకుండా: గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో క్యాష్‌కి పనిచేశాడా అని. క్యాష్ అయినా అది పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయమే. అనుమతి లేకుండా క్యాంపస్ బయట చేసిన పని కాబట్టి అంతకంటే పెద్ద చిక్కు వీసా స్టేటస్‌తో. అలాంటిదేమైనా ఉంటే రిటర్న్ వేయకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవమనండి. రూమ్మేట్‌ని మాత్రం అడగొద్దనండి.