1943 నాటి త్రీనాట్‌త్రీకి మామూలు ధర మీద ఒకటిన్నర రెట్లు అడుగుతున్నారు, పెట్టొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: 1943 ముద్ర ఉన్న త్రీనాట్‌త్రీ, అంటే లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్ ఒకటి అమ్మకానికి వచ్చింది. "నంబర్లన్నీ కలుస్తాయి, యుద్ధం తర్వాత కాల్చిందే లేదు" అంటూ అమ్మేవాడు మామూలుగా పలికే ధరకు ఒకటిన్నర రెట్లు చెబుతున్నాడు. మీ దగ్గర లైసెన్సు ఉంది, డబ్బు కూడా ఉంది, అంత పెట్టాలా అన్నదే సందేహం. మీరు పెట్టిన నాలుగు ఫోటోల్లోనూ ఎక్కువగా చెక్క నిగనిగలే కనిపిస్తున్నాయి. ధర తేల్చే చోటు ఒక్కటీ స్పష్టంగా లేదు.

మొదట నేను పప్పులో కాలేసిన సంగతి చెబుతాను, మీకు పనికొస్తుంది.

నేను కొన్న మొదటి మిలిటరీ రైఫిల్ మోసిన్-నాగంట్ 91/30. బ్యారెల్, బోల్ట్ (తూటాను లోపలికి తోసి వెనక నుంచి మూసే ఇనప కడ్డీ), మ్యాగజైన్ అడుగు రేకు, బట్ ప్లేట్ (భుజానికి ఆనే చివరి రేకు), నాలుగింటి మీదా ఒకే నంబరు. "ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది, ఇలాంటిది మళ్లీ దొరకదు" అని అమ్మినాయన చెప్పాడు. నేనూ నంబర్లు నాలుగూ చదివి, తలూపి, అడిగినంతా ఇచ్చేశాను. ఇంటికి తెచ్చి గ్రీజంతా కడిగాక, బోల్ట్ మీద నంబరు కింద ఇంకో నంబరు కనిపించింది. దాన్ని అడ్డగీతతో కొట్టేసి, పైన కొత్తది కొట్టారు. మ్యాగజైన్ రేకు మీదున్నది అచ్చుతో కొట్టింది కాదు, కరెంటు పెన్సిల్‌తో గీకి రాసింది. బ్యారెల్ మొదట్లో చిన్న చతురస్రం, దాని మీద ఏటవాలు గీత. సోవియట్ ఆయుధాగారంలో విప్పి, బాగు చేసి, దొరికిన భాగాలతో మళ్లీ బిగించారని ఆ గుర్తుకు అర్థం. అంటే నంబర్లు కలిశాయన్నది అబద్ధం కాదు. కాకపోతే కలిసినవి కావు, కలిపినవి.

అంతటితో అయిపోలేదు. బ్యారెల్ కొసలోకి టార్చి వేసి చూస్తే మొదటి భాగంలో రైఫ్లింగ్ గాడులే (బుల్లెట్‌ను గిర్రున తిప్పే మెలికల గాడులు) లేవు, నున్నగా ఉంది. అరిగిపోయిన కొసను లోపలి నుంచి తొలిచి, గాడులు కాస్త లోపల మొదలయ్యేలా చేశారన్నమాట. అలా చేసేది గురి మళ్లీ కుదరడానికే కాబట్టి రైఫిల్ బాగానే కాలింది, ఇప్పటికీ కాలుతుంది. కానీ నేను డబ్బు ఇచ్చింది బాగా కాలే రైఫిల్‌కు కాదు, ఎవరూ చెయ్యి పెట్టని రైఫిల్‌కు. ఆ రెండింటి ధరల మధ్య తేడా అంతా నా చేతి చమురే.

మీ విషయంలో కూడా చిక్కు ఇక్కడే ఉంది. పాత మిలిటరీ రైఫిల్‌కు ధరలు రెండు. కాల్చుకునేవాడు ఇచ్చే ధర ఒకటి, దాచుకునేవాడు ఇచ్చే ధర ఒకటి. మొదటిది బ్యారెల్, బోల్ట్ ఎలా ఉన్నాయన్న దాని మీద నడుస్తుంది. రెండోది దాన్ని ఎంతమంది ముట్టుకోకుండా వదిలేశారన్న దాని మీద నడుస్తుంది. అమ్మేవాళ్లు చాలామంది మొదటి రకం సరుకు చూపించి రెండో రకం ధర చెబుతారు. అందుకని మీకు ఏది కావాలో ముందు తేల్చుకుని వెళ్లండి. వాడి ముందు నిలబడి తేల్చుకోవద్దు.

ఇక నంబర్ 4 సంగతి. నా దగ్గర రెండున్నాయి, చూసి వదిలేసినవి అంతకన్నా ఎక్కువ.

అడగాల్సిన మొదటి మాట "బోల్ట్ తీసి చూడొచ్చా?" అన్నది. కుదరదంటే అక్కడి నుంచి వచ్చేయండి, కారణం ఏం చెప్పినా సరే. బోల్ట్ చేతికి వచ్చాక పిడి వెనకున్న నంబరు చూడండి, రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనప పెట్టె) వెనక బట్ బిగించే ఇనప భాగం ఎడమ పక్కనున్న నంబరుతో పోల్చండి. లీ-ఎన్‌ఫీల్డ్‌లో ఇది దాచుకునేవాళ్ల చాదస్తం కాదు. బోల్ట్ మీది లగ్గులు (కాల్చేటప్పుడు బోల్ట్ వెనక్కి రాకుండా ఆపే బొడిపెలు) ఆ రిసీవర్‌లో సరిగ్గా ఆనేలా కుదిర్చి పెడతారు. వేరే రైఫిల్ బోల్ట్ తెచ్చి వేస్తే ఒక లగ్గు మీదే బరువంతా పడొచ్చు. నంబరు చదివి ఊరుకోకుండా అంకెల ఆకారం చూడండి. రెండు చోట్లా ఒకే తరహా అచ్చా? అంకెల చుట్టూ ఇనుము కాస్త పల్లంగా, కొత్తగా ఆకురాయి పెట్టినట్టు ఉందా? మోసిన్ దెబ్బ తిన్నాక నేను ముందు ఆ పల్లాన్నే వెతుకుతాను, వేలి గోరుతో కూడా తెలుస్తుంది.

బోల్ట్ ముందు భాగం మర తిప్పితే ఊడి వస్తుంది. దాన్ని బోల్ట్ హెడ్ అంటారు. దాని మీద 0, 1, 2, 3 అంకెల్లో ఒకటి ఉంటుంది. రైఫిల్ అరిగేకొద్దీ బోల్ట్‌కూ తూటా అంచుకూ మధ్య ఖాళీ పెరుగుతుంది కాబట్టి, ఇంకాస్త పొడవున్నది వేసి సరిచేసేవాళ్లు. 0 ఉంటే ఇంకా సర్దుబాటుకు చోటుందని అర్థం. 3 ఉండి కూడా ఆ ఖాళీ కొలిచే గేజ్ పెట్టినప్పుడు బోల్ట్ మూసుకుపోతుంటే, ఇక చవగ్గా బాగుచేసే దారి లేదు. గేజ్ లేకుండా కొనొద్దు, తెలిసిన గన్‌స్మిత్‌ను వెంట తీసుకెళ్లినా మంచిదే. ఖాళీ ఎక్కువైన రైఫిల్‌లో కాల్చిన తూటా గొట్టం చూస్తే అడుగుకు కాస్త పైన మెరిసే ఉంగరంలా ఒక గీత కనిపిస్తుంది. ఇత్తడి అక్కడ సాగింది. అదే గొట్టం మళ్లీ నింపి కాలిస్తే ఏదో ఒకరోజు సరిగ్గా అక్కడే రెండు ముక్కలవుతుంది. ముఖం పక్కన జరిగే పని అది, నవ్వులాట కాదు.

మీరు పెట్టిన ఫోటోలో నంబర్ 4 పక్కన అక్షరాలు మసగ్గా ఉన్నాయి. అది మార్క్ 1 కాకుండా నక్షత్రం ఉన్న మార్క్ 1 అయితే ఇంకొక చోటు చూడాలి. కెనడాలో లాంగ్ బ్రాంచ్, అమెరికాలో సావేజ్ తయారు చేసినవాటిలో చాలావరకు ఈ నక్షత్రం రకమే. బోల్ట్ బయటికి తీయడానికి రిసీవర్ కుడి పట్టాలో చిన్న గాడి కోశారు. ఆ గాడి అంచు చిట్లిపోతుంది. చిట్లితే బోల్ట్ వెనక్కి లాగినప్పుడల్లా హెడ్ పట్టా తప్పి పైకి లేస్తుంది. టార్చి వేసి అంచు పదునుగా ఉందో, కొరికినట్టు ఉందో చూడండి.

బ్యారెల్ చూసే ముందు పొడి గుడ్డ ఒకటి లోపల లాగించమనండి. నూనె పూసిన బ్యారెల్ అద్దంలా మెరుస్తుంది, గుంటలన్నీ నూనె కిందే ఉంటాయి. పాత మిలిటరీ తూటాల ప్రైమర్లు కాలాక లోపల ఒక రకం ఉప్పు మిగులుస్తాయి. అది గాలిలో తేమను పీలుస్తుంది, నీళ్లతో కడిగితే తప్ప పోదు. ఎవరో ఒక సాయంత్రం కడగకుండా గోడకు ఆనించేసి ఉంటే, ఆ బద్ధకం గుంటలుగా ఇప్పటికీ కనిపిస్తుంది. గాడులు రెండే ఉన్నాయని మాత్రం కంగారు పడకండి. యుద్ధకాలంలో పని త్వరగా అవడానికి ఐదు గాడులకు బదులు రెండే కోసిన బ్యారెళ్లు బోలెడు వచ్చాయి, అవీ బాగానే కాలతాయి. దాన్ని వంకగా చూపించి ధర తగ్గించమంటే తెలిసినవాడు నవ్వుతాడు.

కొస దగ్గర ఎక్కువసేపు నిలబడండి. సైనికులు బ్యారెల్‌ను తాడుకు కట్టిన గుడ్డతో లాగి తుడిచేవాళ్లు. ఆ తాడు ఒక పక్కకే రాసుకుంటే కొసలో రంధ్రం గుండ్రం తప్పి కోడిగుడ్డు ఆకారం అవుతుంది. మందు లేని డమ్మీ తూటా ఒకటి జేబులో వేసుకెళ్లండి (నిజమైనది వద్దు). బుల్లెట్ ముక్కును కొసలో పెట్టి చూస్తే కొంత దూరం వెళ్లి ఆగాలి. ఇత్తడి మెడ దాకా దిగిపోయిందంటే కొస అరిగిపోయినట్టే. ఒకసారి నేను చూసిన రైఫిల్‌లో ఇత్తడి వచ్చి ఇనుముకు టక్కున తగిలింది. ఆ శబ్దం విని అమ్మేవాడే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

చెక్క గురించి పెద్దగా చెప్పను. ఒక్కటి చాలు: వేలితో చెక్కా ఇనుమూ కలిసే చోటు తడమండి. ఫ్యాక్టరీ చెక్క ఇనుము కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. ఇనుము కన్నా దిగి ఉంటే ఎవరో ఉప్పు కాగితం పెట్టి రుద్దారు, ముద్రలన్నీ పొడై నేల మీద పడ్డాయి. మీ ఫోటోల్లోని ఆ నిగనిగ చూస్తే నాకు భయం అదే. పైన పటారం, లోన లొటారం సంగతి తర్వాత, ఇక్కడ పటారమే ధర తగ్గిస్తుంది. బ్యారెల్ మీది ముందువైపు చెక్కను వేటకు వీలుగా కోసేసి ఉంటే ఇక దాచుకునే ధర గురించి మాటే ఎత్తొద్దు.

"యుద్ధం తర్వాత కాల్చలేదు" అన్న మాటను రిసీవర్ ఎడమ పక్కన సరిచూసుకోవచ్చు. అక్కడ ఎఫ్‌టీఆర్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఒక సంవత్సరం గీకి ఉంటే, యుద్ధం తర్వాత దాన్ని ఫ్యాక్టరీలో పూర్తిగా విప్పి బాగు చేశారని అర్థం. కాల్చుకునేవాడికి అది శుభవార్త, తరచుగా బ్యారెల్ కూడా కొత్తదే వేసి ఉంటారు. దాచుకునే ధర అడిగేవాడికి మాత్రం మాట తప్పినట్టే. ఇక డీపీ అన్న రెండు అక్షరాలు ఎక్కడ కనిపించినా కాల్చే ఉద్దేశం మానుకోండి. డ్రిల్ కోసం పక్కన పెట్టిన రైఫిళ్ల మీద కొట్టే గుర్తు అది. నేను వదిలేసినవాటిలో ఒకదానికి నల్ల రంగు మందంగా పూశారు. ఏటవాలుగా టార్చి పెడితే రంగు కింద ఆ రెండు అక్షరాల నీడ తేలింది. అడిగితే "అది ఇన్‌స్పెక్షన్ గుర్తు" అన్నాడు. కొరివితో తల గోక్కోవడం ఎందుకని దండం పెట్టి వచ్చేశాను.

ఇవన్నీ రకాన్ని బట్టి మారతాయి. అమెరికన్ 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ అయితే నంబరే ముందు చూడాలి: స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారానిది 8,00,000 లోపు, రాక్ ఐలాండ్‌ది 2,85,507 లోపు అయితే రిసీవర్‌ను కాచడంలో తేడా వచ్చి పెళుసుగా ఉండే ప్రమాదం ఉంది, గోడకు పెట్టుకోవడానికే. జపాన్ అరిసాకా రైఫిల్ మీద చామంతి గుర్తు (చక్రవర్తి ముద్ర) చెరపకుండా ఉంటే ధర పెరుగుతుంది, లొంగిపోయాక చాలావాటి మీద దాన్ని గీకేశారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది స్విస్ కె31. దాని బట్ ప్లేట్ విప్పితే లోపల ఒక్కోసారి ఆ సైనికుడి పేరు, దళం రాసిన చిన్న చీటీ దొరుకుతుంది. అమ్మేవాడు నోటితో చెప్పే ఏ యుద్ధ కథకైనా నేను పైసా ఎక్కువ ఇవ్వను, ఆ చీటీకి మాత్రం ఇస్తాను.

మరి మీరు ఎంత పెట్టాలి? "ఇంత అడుగుతున్నారు" అని పెట్టిన ప్రకటనలు చూసి అంచనా వేసుకోకండి. వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు ఒక పది చూడండి, అదే తయారీ, అదే మార్క్. అందులో మధ్యలో ఉన్నదాన్ని పట్టుకోండి. బోల్ట్ నంబరు మొదటి నుంచీ కలిసే ఉండి, చెక్క రుద్దకుండా ఉండి, ఎఫ్‌టీఆర్ లేకుండా, బ్యారెల్ శుభ్రంగా ఉంటే ఒకటిన్నర రెట్లు అన్యాయం కాదు, నేనైతే కాస్త బేరమాడి తీసుకుంటాను. బ్యారెల్, బోల్ట్ బాగుండి చెక్క మాత్రం రుద్ది ఉంటే మామూలు ధరే, పైన ఒక్క పైసా వద్దు. బోల్ట్ వేరేదైతే మామూలు ధర కన్నా కిందికి దిగాలి, గన్‌స్మిత్ ఖర్చు మీ నెత్తినే పడుతుంది కాబట్టి. తూటాల ఖర్చు కూడా ఇప్పుడే కనుక్కోండి. త్రీనాట్‌త్రీ తూటా ఇప్పుడు అన్ని చోట్లా చవగ్గా దొరికే సరుకు కాదు, కొన్నేళ్లు కాల్చేసరికి రైఫిల్ కన్నా దానికే ఎక్కువ పెడతారు.

వెళ్లే ముందు అమ్మేవాణ్ణి మూడు ఫోటోలు అడగండి: బోల్ట్ పిడి వెనక నంబరు, రిసీవర్ ఎడమ పక్క మొత్తం, కొస నేరుగా. అవి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.